చిత్రకోట్ దగ్గర బస చేయాలా, జగదల్‌పూర్‌లోనా? అమ్మ, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ నుంచి

కూకట్‌పల్లి_వాణి
దసరా సెలవుల్లో నాలుగు రాత్రులు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వెళ్దామని అనుకుంటున్నాం. చిత్రకోట్ జలపాతం, కాంగేర్ లోయ నేషనల్ పార్కు చూడాలి. సొంత కారు. నేను, మా వారు, పిల్లలు (పదకొండు, ఏడు), మా అమ్మ. అమ్మకి 67, మోకాళ్ల నొప్పులు.

గొడవంతా బస దగ్గరే. జగదల్‌పూర్‌లో ఒకే హోటల్ తీసుకుని నాలుగు రాత్రులూ అక్కడే ఉందాం, సామాను మాటిమాటికీ సర్దే పని ఉండదు అంటారు మా వారు. నాకేమో రాత్రి పడుకుంటే నీళ్ల చప్పుడు వినపడాలి. పెళ్లయినప్పటి నుంచీ ఏ ఊరెళ్లినా బస్టాండు పక్కన లాడ్జిలోనే దిగాం, హారన్ల మధ్యే నిద్రపోయాం. ఈసారి అలా వద్దని ఉంది. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఇంట్లో వారం నుంచి ఇదే చర్చ.

ఈసీఐఎల్_శ్రీను
రెండేళ్ల కిందట కారులోనే వెళ్లాం. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా, దర్భా, జగదల్‌పూర్. మొత్తం 550 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒక్కరోజులో లాగేస్తాం అనేవాళ్లు ఉంటారు. పెద్దావిడతో, ఏడేళ్ల పిల్లతో ఆ పని చేయకండి. భద్రాచలం 310 కిలోమీటర్లు, మొదటి రాత్రి అక్కడ ఆగండి. తెల్లారి రాముడి దర్శనం చేసుకుని ఎనిమిదికల్లా బండెక్కితే సాయంత్రం వెలుగు ఉండగానే జగదల్‌పూర్ చేరతారు.

వచ్చేటప్పుడూ అంతే. అంటే మీ నాలుగు రాత్రుల్లో రెండు భద్రాచలానికే పోయాయి. బస్తర్‌లో మిగిలేవి రెండే. ముందు ఈ లెక్క మీ వారికి చూపించండి.

బస మాత్రం నేను కూడా జగదల్‌పూర్ అనే అంటాను. చిత్రకోట్ జగదల్‌పూర్‌కి పడమర 40 కిలోమీటర్లు. తీరథ్‌గఢ్ జలపాతం, పార్కు దక్షిణాన 35. ఊరు మధ్యలో ఉంది. చిత్రకోట్‌లో దిగితే పార్కుకి మళ్లీ ఊరి మీదుగానే పోవాలి.

నల్లమల_నడక
శ్రీను అన్నా, కిలోమీటర్ల లెక్క నువ్వు చెప్పినట్టే. కానీ చిత్రకోట్‌ని పగలు పదింటికి వెళ్లి పన్నెండింటికి తిరిగొచ్చేలా చూడకూడదు. పగలంతా జనం, ఫొటోలు, పల్లీల బండ్లు. సాయంత్రం ఊరి కార్లు వెళ్లిపోయాక చూడాలి. ఇంద్రావతి నది అంత వెడల్పున పారుతూ వచ్చి ఒక్కసారిగా గుర్రపు నాడా ఆకారంలో కిందికి పడుతుంది. ఎత్తు సుమారు 29 మీటర్లే, అంతకంటే ఎత్తైనవి దేశంలో చాలా ఉన్నాయి. దీని గొప్ప వెడల్పులో ఉంది. వరద కాలంలో 300 మీటర్ల దాకా పరుచుకుంటుంది. నేను గట్టు మీద కూర్చున్న రాత్రి నేల సన్నగా అదురుతున్నట్టు అరికాళ్లకి తెలిసింది. తెల్లారి చూస్తే తుంపర పొగలా లేచి చొక్కా తడిసిపోయింది.

ఛత్తీస్‌గఢ్ టూరిజం వాళ్ల దండామి రిసార్టు జలపాతం పక్కనే ఉంది. ఉన్న రెండు రాత్రుల్లో ఒకటి అక్కడే. వాణి గారూ, ఈ విషయంలో వెనక్కి తగ్గకండి.

బోగత_అభిమాని
ఇంత దూరం ఎందుకండీ? మన ములుగు జిల్లా వాజేడు మండలంలో బోగత ఉండగా? తెలంగాణ నయాగరా అని ఊరికే అనలేదు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి నీళ్ల ముందు ఉంటారు. అమ్మగారికి ఇంత ప్రయాణం అవసరమా?

కూకట్‌పల్లి_వాణి
బోగత మాకూ ఇష్టమే, రెండుసార్లు వెళ్లాం. రెండోసారి వరద ఎక్కువని లోపలికి పంపలేదు. అది మన మంచికే, తప్పు పట్టను. ఈసారి మాత్రం అడవి, జలపాతం రెండూ కలిసిన చోట కొన్నాళ్లు ఉండాలని కోరిక. పెద్దది ఐదో తరగతి, పక్షుల పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది.

పక్షిపిచ్చి
పక్షుల పుస్తకం అన్నారు కదా, ఇక నేను ఆగలేను.

కాంగేర్ లోయ 200 చదరపు కిలోమీటర్లు. 1982లో నేషనల్ పార్కు చేశారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ మైనా ఇక్కడ ఉంటుంది. మన వీధి గోరింక కాదు, నల్లగా నిగనిగలాడుతూ మెడ వెనక పసుపు పచ్చని తోలు ముడతలు ఉంటాయి. మనిషి మాటను అచ్చంగా అనుకరిస్తుందని ఒకప్పుడు పట్టి పంజరాల్లో పెట్టేవారు, అలా తగ్గిపోయింది. ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లనే మైనా మిత్రలుగా పెట్టి గూళ్లను కాపాడుతున్నారు. అడవి కూడా విశేషమే. ఉత్తరాది సాల చెట్లు, మన టేకు ఇక్కడ కలుస్తాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది.

పులి కోసం వెళ్తే మాత్రం నిరాశే. చాలామంది దీన్ని ఇంద్రావతి నేషనల్ పార్కు అనుకుంటారు. ఆ టైగర్ రిజర్వు వేరు, బీజాపూర్ జిల్లాలో ఉంది.

ఇంకో మాట, మీ బస గొడవ కన్నా ముందు తేల్చుకోవలసింది నెల. పార్కులోని కుటుంసర్ గుహ వానాకాలమంతా మూసే ఉంటుంది, నీళ్లు లోపలికి వస్తాయి. సాధారణంగా నవంబరు నుంచి తెరుస్తారు. జలపాతమేమో జులై నుంచి అక్టోబరు దాకా నిండుగా ఉండి తర్వాత సన్నబడుతూ పోతుంది. దసరాకి వెళ్తే నీళ్లుంటాయి, గుహ ఉండదు. సంక్రాంతికి వెళ్తే గుహ ఉంటుంది, నీళ్లు కొంతే. మేలో వెళ్తే చిత్రకోట్‌లో బండరాళ్ల మధ్య నాలుగు పాయలు కనపడతాయి.

మలక్‌పేట_రఫీ
పక్షిపిచ్చి అన్నని ఈ వేదికలో మాట్లాడించాలంటే "పక్షి" అనే రెండక్షరాలు చాలు. కానీ అన్న చెప్పిన నెల సంగతి నూటికి నూరు నిజం. మేం డిసెంబరులో వెళ్లాం. నీళ్లు తెల్లగా తేటగా ఉన్నాయి, పడవలో జలపాతం కిందికి దాకా తీసుకెళ్లారు. వానల్లో అయితే ఎర్రమట్టి రంగు, పడవలు ఉండవు. మా అబ్బాజాన్‌కి పడవే అన్నిటికన్నా నచ్చింది.

కారు వద్దనుకునేవాళ్లకి: హైదరాబాద్ నుంచి జగదల్‌పూర్‌కి రాత్రి ప్రైవేటు స్లీపర్ బస్సులు ఉన్నాయి.

సైనిక్‌పురి_సుభద్ర
వాణీ, నేను మీ అమ్మ వయసుదాన్నే. ఆ దారిలో నక్సలైట్ల భయం ఉండేది కదమ్మా. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

ఈసీఐఎల్_శ్రీను
మంచిగా అడిగారు అమ్మా, నేను మొదట్లోనే చెప్పాల్సింది. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల వాహనాల మీద దాడి జరిగిన జీరమ్ ఘాటీ ఈ సుక్మా, జగదల్‌పూర్ రోడ్డు మీదే. మేం వెళ్లేముందు మా ఇంట్లోనూ ఇదే టెన్షన్. పరిస్థితి అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, దారి పొడవునా భద్రతా దళాల క్యాంపులు ఉన్నాయి, లారీలు, బస్సులు మామూలుగా తిరుగుతున్నాయి. అయినా నేను పాటించినవి చెప్తా. భద్రాచలంలో ట్యాంకు నింపుకోండి. కుంట దాటాక చీకట్లో నడపొద్దు. కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు, దారి మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి. క్యాంపుల దగ్గర ఫొటోలు తీయకండి. బయల్దేరే ముందు రోజు భద్రాచలంలో రోడ్డు సంగతి కనుక్కోండి. నక్సలైట్లు లేకపోయినా ఆ ఘాట్ మలుపుల్లో రాత్రి లారీలకు ఎదురు పోవడం మంచిది కాదు.

సైనిక్‌పురి_సుభద్ర
ఇలా విడమరిచి చెప్తే ధైర్యంగా ఉంటుంది నాయనా. మీ అమ్మకి మెట్లు ఎక్కువ ఎక్కించకు వాణీ.

నల్లమల_నడక
మెట్లంటే గుర్తొచ్చింది. చిత్రకోట్‌కి మెట్లు అక్కర్లేదు, పై నుంచి చూస్తేనే నిండుగా కనపడుతుంది. పడవ కోసం మాత్రం కిందికి దిగాలి. తీరథ్‌గఢ్ తిరకాసు. సుమారు 300 అడుగుల నుంచి మెట్లు మెట్లుగా, పాలు పొంగినట్టు జారుతుంది. దాని అసలు అందం కింది నుంచే. వందల మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. అమ్మగారిని పైన కూర్చోబెట్టి ఒకరు తోడు ఉండండి. కోతులు ఎక్కువ, చేతిలో సంచి కనపడితే వదలవు.

రెండు చోట్లా పిల్లల చెయ్యి వదలొద్దు. మా బాబాయి కొడుకు నల్లమలలో ఒక జలపాతం దగ్గర నాచు పట్టిన బండ మీద కాలు జారి, మూడు నెలలు మంచంలో ఉన్నాడు. వాడు నీళ్లలోకి కూడా దిగలేదు, ఫోన్ ఎత్తి పట్టుకుని ఒక్క అడుగు వెనక్కి వేశాడు. చిత్రకోట్ పైన నది నిదానంగా, మోకాలి లోతే ఉన్నట్టు కనపడుతుంది. ఆ నిదానాన్ని నమ్మొద్దు.

గోదారి_గట్టు
మాది భద్రాచలం, ఉద్యోగం ఉప్పల్లో. ఇంద్రావతి ఎక్కడో పరాయి నది అనుకుంటున్నట్టున్నారు, కాదు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, బస్తర్ దాటి, వచ్చి మన గోదావరిలోనే కలుస్తుంది. చిత్రకోట్‌లో దూకిన నీళ్లే కొన్ని రోజులకి మా ఊరి గట్టు కింద నుంచి పోతాయి. చిన్నప్పుడు వరదొస్తే మా తాత "ఇది ఇంద్రావతి నీళ్లురా" అని రంగు చూసి చెప్పేవాడు.

ఎండాకాలంలో చిత్రకోట్ ఎందుకు ఎండుతుందో కూడా తెలుసుకోండి. ఒడిశా సరిహద్దులో జోరా నాలా అనే చోట ఇంద్రావతి నీళ్లు శబరి వైపు వెళ్లిపోతున్నాయని బస్తర్ రైతుల బాధ. రెండు రాష్ట్రాల మధ్య ఎన్నాళ్లుగానో నలుగుతోంది. ఆ శబరి కూడా కూనవరం దగ్గర గోదావరిలోనే కలుస్తుంది, మనకి లోటు లేదు. మధ్యలో ఉన్న బస్తర్ పల్లెలకే నీళ్లు లేవు.

కూకట్‌పల్లి_వాణి
గోదారి గట్టు గారూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. అమ్మ పుట్టిల్లు కూనవరం దగ్గరే! "అయితే నేను వస్తున్నా, మోకాళ్ల సంగతి తర్వాత" అంది. ఇప్పటిదాకా తటపటాయిస్తూ ఉండేది.

ఓరుగల్లు_పిల్ల
అమ్మగారికి ఇంకొకటి కూడా వినిపించండి. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ వెళ్లి రాజ్యం పెట్టాడని అక్కడి సంప్రదాయం. బస్తర్ రాజులు తమను కాకతీయ వంశం అనే చెప్పుకున్నారు. వాళ్ల ఇలవేల్పు దంతేశ్వరి. అసలు గుడి దంతేవాడలో శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఉంది, జగదల్‌పూర్ ప్యాలెస్ పక్కన ఇంకొకటి ఉంది. 2022లో వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిగినప్పుడు ఆ వంశస్థుణ్ణి పిలిచారు, మేం రోడ్డు పక్కన నిలబడి చూశాం.

చివరి రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1966లో ఆ ప్యాలెస్‌లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. గిరిజనులు ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ప్యాలెస్ ముందు నిలబడినప్పుడు పిల్లలకి ఇది చెప్పండి.

బోగత_అభిమాని
బస నుంచి కాకతీయుల దాకా వచ్చాం. చరిత్రకి వేరే చర్చ తెరవాలేమో?

కూకట్‌పల్లి_వాణి
వద్దండీ, ఇక్కడే ఉండనివ్వండి. రాత్రి అన్నాలయ్యాక అందరం కూర్చుని చదువుతున్నాం.

ఓరుగల్లు_పిల్ల
అసలు చెప్పాల్సింది మర్చిపోయా. దసరాకే వెళ్తామంటే రూములు ఇప్పుడే చూసుకోండి. బస్తర్ దసరా 75 రోజుల పండుగ, మన ఆషాఢ అమావాస్య నాడు మొదలవుతుంది. రావణుడు ఉండడు, దహనం ఉండదు. అంతా దంతేశ్వరి అమ్మవారిదే. పెద్ద చెక్క రథాన్ని గిరిజనులు లాగుతారు, విజయదశమి రాత్రి దాన్ని ఎత్తుకుపోయి అడవిలో దాస్తారు, మర్నాడు రాజవంశస్థుడు వెళ్లి బతిమాలి తెచ్చుకుంటాడు. ఆ చివరి రోజుల్లో జగదల్‌పూర్ కిటకిటలాడుతుంది.

లత_బీహెచ్‌ఈఎల్
రూముల విషయంలో నా అనుభవం. మేం పోయినేడు ఇంకో రాష్ట్రంలో జలపాతం దగ్గర టూరిజం కాటేజీ అని వెతికితే ముందు వచ్చిన పేజీలో ఫోన్ నంబరు ఉంది. అచ్చం ప్రభుత్వ పేజీలానే, రాజముద్రతో సహా. అడ్వాన్స్ అని ఆరు వేలు ఫోన్లోనే పంపించాం, రసీదు కూడా వచ్చింది. వెళ్తే మా పేరే లేదు. రాత్రి ఎనిమిదింటికి చంటిపిల్లతో ఊళ్లో గదులు వెతుక్కున్నాం. ఆ ఆరు వేల కన్నా ఆ రెండు గంటలే నన్ను ఎక్కువ ఏడిపించాయి. దయచేసి టూరిజం వాళ్ల సొంత సైట్లోనే బుక్ చేయండి. డబ్బు కట్టాక రిసార్టుకి ఫోన్ చేసి మీ పేరు రాసుకున్నారో లేదో అడగండి.

మలక్‌పేట_రఫీ
అక్కా, ఇది పైన అంటించి పెట్టాల్సిన పోస్టు.

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. జగదల్‌పూర్‌లో అన్నం, పప్పు, చికెన్ అన్నీ దొరుకుతాయి, భయం లేదు. చుట్టుపక్కల ఊళ్లలో వారపు సంత ఉంటే తప్పకుండా ఆగండి. ఎర్ర చీమలతో, వాటి గుడ్లతో నూరిన చాప్‌డా పచ్చడి ఆకు దొప్పలో అమ్ముతారు. పుల్లగా నాలుక మీద చురుక్కుమంటుంది. మా చెల్లెలు మొదట మొహం తిప్పుకుంది, తర్వాత నా దొప్ప కూడా తనే ఖాళీ చేసింది. డోక్రా ఇత్తడి బొమ్మలు కూడా చేసేవాళ్ల దగ్గరే కొనండి.

పక్షిపిచ్చి
బస గురించి మూడో దారి. పార్కు అంచునే కాంగేర్ నది ఒడ్డున ధుడ్‌మరాస్ అనే పల్లె ఉంది. ఊరివాళ్లే ఇళ్లలో గదులు ఇస్తారు, వెదురు తెప్పల మీద తిప్పుతారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి దీన్ని ఎంపిక చేసింది. మీరిచ్చే డబ్బు అడవిని కాపాడే ఇంటికే పోతుంది. ఒక రాత్రి ఇక్కడ, ఒక రాత్రి చిత్రకోట్‌లో ఉంటే జగదల్‌పూర్ హోటల్ అక్కర్లేదు.

సైనిక్‌పురి_సుభద్ర
ఆ ఆలోచన ఎంతో బాగుంది కానీ, రాత్రి రెండుసార్లు లేచే మోకాళ్ల మనిషికి ముందు బాత్రూమ్ సంగతి అడిగి తెలుసుకో అమ్మా. ఆరుబయట నడవాల్సి వస్తే కష్టం.

ఈసీఐఎల్_శ్రీను
సుభద్రమ్మ గారి మాటే నాది. రెండు రోజుల ముందు నల్లమల తమ్ముడితో వాదించాను గానీ, ఇప్పుడు నా మాట కొంచెం మార్చుకుంటున్నా. మేం చిత్రకోట్‌కి మధ్యాహ్నం వెళ్లి గంటలో తిరిగొచ్చాం. ఇక్కడ చదివాక మా ఆవిడ "మనం చూసింది సగమే" అంది. ఒక రాత్రి అక్కడ ఉండండి. అయితే మొదటి రాత్రి ఊళ్లో, రెండోది చిత్రకోట్‌లో. తిరగేయకండి. సుక్మా నుంచి వచ్చి అలిసిపోయి ఇంకో 40 కిలోమీటర్లు చీకట్లో పోవాల్సి వస్తుంది.

కూకట్‌పల్లి_వాణి
అందరి మాటా విన్నాక ఇలా తేల్చుకున్నాం. దసరాకి కాదు, కార్తీకంలో, నవంబరు మొదటి వారంలో. పిల్లల బడి రెండు రోజులు పోతుంది, టీచరుతో మాట్లాడాం. భద్రాచలం ఒక రాత్రి, జగదల్‌పూర్‌లో లిఫ్టు ఉన్న హోటల్లో ఒకటి, చిత్రకోట్‌లో ఒకటి, మళ్లీ భద్రాచలం. మా వారు ఒప్పుకున్నారు. లత గారు చెప్పినట్టే ఫోన్ చేసి పేరు అడిగాను, రాసి ఉంది.

పక్షిపిచ్చి
తీరథ్‌గఢ్‌కి తెల్లారే వెళ్లండి. జనం వచ్చాక మైనా కనపడదు. గుహ తెరిచారో లేదో ముందే కనుక్కోండి, ఒక్కో ఏడు ఆలస్యమవుతుంది.

కూకట్‌పల్లి_వాణి
నిన్న రాత్రి తిరిగొచ్చాం. బట్టలు ఇంకా సంచుల్లోనే ఉన్నాయి, ముందు ఇది రాస్తున్నా.

గుహ తెరవలేదు. ఈసారి వానలు ఆలస్యంగా ఆగాయట, లోపల ఇంకా బురదే. గుహలో ఉండే గుడ్డి చేపల గురించి పెద్దదానికి అంత చెప్పి తీసుకెళ్లాను, గేటు దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. తీరథ్‌గఢ్‌లో మా వారు, పిల్లలు కిందికి దిగారు, నేను అమ్మతో పైన ఉన్నా. దారిలో చిన్నది కారులో వాంతి చేసుకుంది, సుక్మా ముందర గంటసేపు ఆగాం. శ్రీను గారూ, ఎనిమిదికల్లా బండెక్కాలన్న మీ లెక్క మమ్మల్ని కాపాడింది, వెలుగు ఉండగానే చేరాం.

చిత్రకోట్‌కి నాలుగింటికి వెళ్లాం. నీళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, ఎరుపు పోయి తేటపడుతున్నాయి. ఆరున్నరకి జనం పల్చబడ్డారు. రాత్రంతా చప్పుడు. మొదట అర్ధగంట నిద్ర పట్టలేదు, తర్వాత అది ఆగితే మెలకువ వస్తుందేమో అన్నట్టు పడుకున్నాం.

పొద్దున అమ్మ పడవ దాకా దిగుతానంది. మా వారు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి, ఒక్కో మెట్టు మీద ఆగుతూ ఇరవై నిమిషాలు. నీటి అంచున పసుపు, కుంకుమ వేసి, ఆకు దొప్పలో దీపం పెట్టి కార్తీక దీపం వదిలింది. పడవ అతను అక్కడి హల్బీ భాషలో ఏదో అడిగాడు. అమ్మకి అర్థం కాలేదు, అతనికి తెలుగు రాదు. అమ్మ నది వైపు చెయ్యి చూపించి, కిందికి పోయేటట్టు చేత్తో చూపించి "గోదావరి, మా ఊరు" అంది. అతను తలూపి "గోదావరి, గోదావరి" అన్నాడు. పడవ డబ్బులు మిగతా అందరికీ తీసుకున్నాడు, అమ్మది మాత్రం వద్దన్నాడు. మేం బలవంతంగా ఇచ్చాం.

గోదారి_గట్టు
చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నానండి. ఈ ఆదివారం ఊరికి వెళ్తున్నా, గట్టు మీదికి పోయి అమ్మగారి పేరు చెప్పి ఒక దణ్ణం పెట్టొస్తా.

పక్షిపిచ్చి
మైనా?

కూకట్‌పల్లి_వాణి
కనపడింది! తీరథ్‌గఢ్ మెట్ల దగ్గర, ఏడున్నర దాటి ఉంటుంది. నేను కోయిలేమో అనుకున్నా. పెద్దదే ముందు మెడ వెనక పసుపు చూసి పుస్తకం తీసింది. రెండు ఉన్నాయి, చిటారు కొమ్మ మీద. ఒకటి ఈల వేస్తే రెండోది బదులు ఇస్తోంది. కోతులు వచ్చేదాకా కదలకుండా చూశాం.

పక్షిపిచ్చి
దిగేటప్పుడు ఎడమ పక్కా, కుడి పక్కా? ఏ చెట్టో పాపకి గుర్తుంటే అడిగి చెప్పండి, జనవరిలో వెళ్తున్నా.